ఎదెల్మిరా చదివిన హైస్కూలు

కొచబాంబాలో హైస్కూలు ఆరేళ్లు. ఎదెల్మిరా ఆ ఆరేళ్లూ ఒక్క పూట మానకుండా చదివింది. హాజరుపట్టీలో పేరు మాత్రం కొడుకు లింబెర్‌ది.

తెల్లారకముందే లేచి వాడి బడి యూనిఫారం తెల్ల కోటుకు గంజి పెట్టి ఇస్త్రీ చేసేది, బూట్లు తుడిచేది, సంచీ సర్దేది. మంచం మీదే కూర్చోబెట్టి వేడి మొక్కజొన్న జావ చేతికిచ్చేది. సోమవారం జెండా వందనానికి ఆలస్యం కాకూడదని, వీధి చివర మినీబస్సును తానే చెయ్యెత్తి ఆపేది. మహారాజు నింపాదిగా నడిచి వచ్చి ఎక్కేవాడు.

ఇక నమూనాలు. ఆ ఊరి మాస్టార్లకు పాఠం చెప్పడం కంటే నమూనా చేసి తెమ్మనడం తేలిక. అగ్నిపర్వతం, ఆనకట్ట, ఇంకాల కోట, ఏదైనా సరే థర్మోకోల్‌తో తేవాలి. పిల్లలు ఆ కబురు ఇంటికి మోసుకొస్తారు, తల్లులు చేస్తారు, మాస్టార్లు పిల్లలకు మార్కులు వేస్తారు. ఈ నాటకం అందరికీ తెలుసు, ఎవరికీ సిగ్గు లేదు. ఎదెల్మిరా మొదట్లో వేళ్లు కోసుకుంది. పోనుపోను చెయ్యి తిరిగింది. చివరి ఏడాది చేసిన ఆనకట్టలో నీళ్లు నిజంగానే పారాయి.

ఆడపడుచు సబీనా ఉండబట్టలేక, "రేపు వాడి పెళ్లిపీటల మీద కూడా నువ్వే కూర్చుంటావా వదినా?" అని అడిగింది. పిల్లలు లేనివాళ్లకేం తెలుసని ఎదెల్మిరా మూతి తిప్పుకుంది.

బడి ముగింపు రోజున లింబెర్ మెడలో పతకం వేశారు, శ్రద్ధకూ సమయపాలనకూ. తీరిగ్గా ఆలస్యంగా వచ్చిన ప్రిన్సిపాల్ గారు, మంచి అలవాట్లే రేపటి బతుక్కి పునాది అని గంటసేపు దంచారు. ఎదెల్మిరా కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టింది.

బడిలో ప్రదర్శనకు పెట్టిన ఆ ఆనకట్ట చూసే దొన్ సెరాపియో కుర్రాణ్ణి పనిలోకి తీసుకున్నాడు. ఇళ్లు కట్టేవాళ్లకు ముందుగా చిన్న ఇంటి నమూనా చేసిచ్చే కార్ఖానా ఆయనది. భర్త పోయాక కుట్టుపనితో ఈదుకొస్తున్న ఎదెల్మిరాకు చూపు మందగిస్తోంది. వాడి ఉద్యోగం నిలబడితేనే ఇల్లు గడుస్తుంది.

వారం తిరగకుండానే పతకధారిని ఇంటికి పంపేశారు. ఎదెల్మిరా బతిమాలడానికి పరుగెత్తింది. ఆనకట్ట ఎవరు చేశారని దొన్ సెరాపియో అడిగితే, మావాడేనని బొంకింది. బొంకుతూనే, బల్ల మీద వంకరగా అతికించిన గోడ కనిపిస్తే చెయ్యి ఊరుకోక సరిచేసింది.

ఆయన ఆ చేతినే చూస్తూ, "మీవాడికి బ్లేడు ఏ వైపు పట్టుకోవాలో తెలీదమ్మా. వచ్చేది పదింటికి. ఆ బడికి వెళ్లింది మీరేగా, మంచి అలవాట్లు మీకే వచ్చాయి. సోమవారం నుంచి మీరు రండి" అన్నాడు.

ఎదెల్మిరాకు తల కొట్టేసినట్టయింది. దాని వెనకే పట్టరాని సంతోషం కూడా వచ్చింది. తన పని బాగుందని ఇన్నేళ్లలో ఎవరూ తన మొహం మీద అనలేదు.

సోమవారం అందరికంటే ముందే చేరింది. మొదటి గోడ నిలబెట్టి రెండోదానికి జిగురు రాస్తుండగా ఫోను మోగింది.

"అమ్మా, పులుసు చల్లారిపోయింది. స్టవ్ ఎలా వెలిగించాలి?"

పద్దెనిమిదేళ్లవాడికి గ్యాసు ఎటు తిప్పాలో, అగ్గిపుల్ల ఎక్కడ గీయాలో ఓపిగ్గా చెప్పింది. తనకు భయమనీ, వచ్చి వెలిగించి పొమ్మనీ వాడు గునిశాడు.

"ఇప్పుడు వెళితే మళ్లీ రానక్కర్లేదమ్మా," అన్నాడు దొన్ సెరాపియో, మెల్లగానే.

ఆమె ఆ రెండో గోడ వైపు చూసింది. అది నిలబెట్టి వెళ్లాలని ఎంత ఉన్నా, వేళ్లు అప్పటికే ఏప్రన్ ముడి విప్పుతున్నాయి.

ఇంటికి వచ్చేసరికి లింబెర్ చెంచా పట్టుకుని బల్ల ముందు కూర్చుని ఉన్నాడు.

"ఇంతసేపేంటమ్మా?" అన్నాడు విసుగ్గా.

"అయిపోయింది నాన్నా, ఒక్క నిమిషం," అంటూ ఎదెల్మిరా అగ్గిపుల్ల గీసింది.