పోలమ్మ విన్న పీత పాట

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవులొస్తే మేముండే స్టీలు ఫ్యాక్టరీ టౌన్‌షిప్ క్వార్టర్లు సగం ఖాళీ. అందరూ గోదావరి, కృష్ణా జిల్లాల్లోని సొంతూళ్ళకి చెక్కేసేవారు. నాన్నకి సెలవు దొరకని ఆ ఏడాది మేం అక్కడే... ఆడుకోవడానికి నేనూ, గోడ మీద బల్లీ.

పైగా నాన్నది సి షిఫ్టు వారమైతే ఇల్లంతా మూగనోమే. రాత్రంతా పనిచేసి వచ్చి పగలు పడుకునేవారు కదా... అమ్మ కుక్కర్ విజిల్ కూడా రానిచ్చేది కాదు. నేను పెరటి గుమ్మంలో కూర్చుని, నోట్సు వెనక పేజీల్లో పాటలు కట్టి, నాలో నేనే గొణుక్కునేదాన్ని.

పచ్చిమిరప కొరికాను...
కుక్కపిల్లనైపోయాను...
నాలుక బయట వేలాడేసి
బెల్లం కోసం ఉరికాను!

వినేవాళ్ళు లేక ఏడుపొచ్చేది, నిజంగా.

ఓ రోజు చేపలమ్మే పోలమ్మ పెరట్లో గంప దించింది. "ఏటి పాపా, ఒక్కర్తివే గొణుక్కుంతన్నావు?"

మిరపకాయ పాట చెప్పాను. కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోయింది! నా పాటకి ఒకరు నవ్వడం అదే మొదలు.

"రేపు పీత మీద కట్టీ పాపా... ఇంటాను" అంది.

ఆ రోజు అన్నం సహిస్తే ఒట్టు. మర్నాడు ఆవిడ గంప దించీ దించకముందే మొదలెట్టేశాను...

పక్కకి పక్కకి నడిచే పీతా!
ముందుకి దారి చూపలేదా మీ తాత?

ఉత్సాహంలో చివరి మాట గట్టిగా అరిచేశాను. లోపల మంచం కిర్రుమంది. నాన్న ఎర్రటి కళ్ళతో వచ్చారు. "ఎవరివే ఆ అరుపులు? కునుకు తీయనివ్వరా?"

"నేను కాదు నాన్నా... పోలమ్మ."

ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ అబద్ధం!

పోలమ్మ నా వంక ఒక్కసారి చూసింది. "అవును బాబూ, నానే అరిసేసినాను. తప్పయిపోనాది" అని, ఎవరినీ చెయ్యి వెయ్యమనకుండా గంప తనే నెత్తికెత్తుకుంది. మళ్ళీ మా గుమ్మానికి రావద్దన్నారు నాన్న. రాలేదు.

పక్క వీధిలోంచి "సేపలో..." అన్న కేక రోజూ వినిపించేది. పరిగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకోవాలనిపించేది... సిగ్గు, భయం. అలాగే సెలవులైపోయాయి. పాటలు రాస్తూనే ఉన్నాను గానీ, పెరటి గుమ్మంలో కూర్చోవడం మానేశాను.

ఇప్పుడు పిల్లల పాటొకటి ఫోన్లో పెడితే చాలు, ఎవరెవరో మెచ్చుకుంటారు... ఒక్కరి నవ్వూ చెవిన పడదు.

మీ చిన్నప్పటి మాటలకి మొదట నవ్విందెవరో రాయండి. వాళ్ళు కనిపించే దూరంలో ఉంటే ఇవాళే వెళ్ళి పలకరించండి... నేను పక్క వీధి దాకా కూడా వెళ్ళలేకపోయాను.