డొక్క మాంసం

“డొక్క మెత్తగా ఉంటది సార్, అరకిలో ఎయ్యమంటారా?” అని నెల్లూరులో మాంసం కొట్టతను అడిగాడు. పల్చగా వేలాడుతున్న ఆ కండను చూడగానే “వద్దు” అని అరిచినంత పని చేశాను.

మాది ఇందుకూరుపేట దగ్గర ఊరు. జాతరలో మేకపోతును కొడితే మొదటి తొడ మా ఇంటికి రావాలి. తాతల నాటి మర్యాద అది. పొలాలు చేజారాక కూడా కొన్నాళ్ళు వచ్చింది.

నా చిన్నతనంలో ఒక జాతరకు, ఊరి పెద్దలు తొడ బదులు డొక్క పంపారు. తొడ కండ తెల్లటి నరంతో ఎముకను గట్టిగా పట్టుకుని ఉండేది, పళ్ళతో పీకి తినాల్సి వచ్చేది. ఇందులో ఎముకే లేదు. ఈసారి మాకు మంచిది ఏరి పంపారనుకున్నాను.

“నాన్నా, అంతా కండే!” అని గంతులేశాను.

మాంసం తెచ్చిన వీరన్న నవ్వాడు. “పొట్టకండ గదా చిన్నయ్యా! పైన పక్కటెముకలకీ, కింద తుంటి ఎముకకీ తగులుకోని ఉంటది. మధ్యలో ఎముక యాడుంటది? తొడ ప్రెసిడెంటుగారింటికి పంపినారులే.”

నాన్న నిటారుగా నిలబడి, “వీరన్నకు అన్నం పెట్టు” అని అమ్మతో అన్నారు. అమ్మ ఆ మాంసమే వండి వడ్డించింది. వీరన్న లొట్టలేసుకుంటూ తిన్నాడు. నాన్న ఆ పూట అన్నమే ముట్టలేదు.

ఆయన పెద్దమనసును ఊరు ఇప్పటికీ మెచ్చుకుంటుంది. నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాంసం గిన్నెను తీసుకెళ్ళి, పంపినవాళ్ళ గుమ్మంలోనే విసిరికొట్టాల్సింది. అవమానాన్ని మోసుకొచ్చినవాడికి కడుపునిండా పెట్టి తాను పస్తుండటాన్ని మర్యాద అని నేను ఎప్పటికీ అనలేను.