గొట్టానికి బొట్టు పెట్టిన దసరా

మొన్న ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి కళ్లజోడు కోసం దిల్‌సుఖ్‌నగర్ పోతుంటే, పక్కన కూర్చున్న కుర్రాడు, విదేశీ అణు పరిశోధనశాలలో మన శాస్త్రవేత్తలు పనిచేస్తున్న వార్తను ఫోన్‌లో చూసి, "ఏంది తాతా, మనకు చాతగాదా? గా బయటోళ్లతోని మనకేం పని?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. బడిలో ఏడో తరగతి దాటలేదు గాని, పాత పుస్తకాలు కొనుక్కుని చదివింది కొంత, కళ్లారా చూసింది కొంత, అణువుల సంగతి నాకూ తెలుసు.

విజయవాడ రోడ్డు పక్కన రేకుల షెడ్లున్న కాలం మీకూ గుర్తుండే ఉంటుంది. అలాంటి ఒక షెడ్డులో నేనూ, మా అక్క భర్త, పోచంపల్లి మగ్గాల ఇంట్లో పుట్టిన మా బావా ఫిట్టర్లుగా ఉండేవాళ్లం. మన పరిశోధన సంస్థా, ఒక విదేశీ సంస్థా కలిసి పెద్ద యంత్రం కడుతూ, అయస్కాంతాలు వాళ్లు, వాటి మధ్య కణాలు పరుగెత్తే స్టీలు గొట్టాలు మనం చేసేటట్లు ఒప్పుకున్నాయి. గొట్టంలో గాలి పిసరంత మిగలకూడదు, లోపల వేలిముద్ర కూడా పడకూడదు. ఆ గొట్టాల పని మా షెడ్డుకు వచ్చింది, మొదటిది పరీక్షకు నిలిస్తేనే మిగతావి మాకు.

ఆ మొదటి గొట్టాన్ని కడిగి మూత పెట్టి ఉంచిన మర్నాడే దసరా వచ్చింది. లేతుకూ డ్రిల్లుకూ బొట్లు పెట్టుకుంటూ వచ్చిన బావ, మూత మీద పెడితే పూజ ఎట్ల అయితదని మూత తీసి, గొట్టం అంచుకు తడి పసుపు, కుంకుమ అద్దాడు. అది కాస్తా లోపలికి జారింది.

పండుగ మర్నాడు విదేశీ నిపుణుడు పరీక్షకు వచ్చేసరికి సంగతి తెలిసిన షెడ్డు యజమాని సేటు బావను పక్కకు లాగాడు. "తుడిచినవ్ గదా, నోరు మూసుకో. చెప్పినవంటే రేపటి సంది పనికి రాకు" అన్నాడు. బావ మెల్లగా, "ఆడికి పోయినంక గలీజైతే మన దేశం పేరు పోతది సేటూ" అని, మన సంస్థ ఆఫీసరుతో ఆ నిపుణుడికి ఉన్నదున్నట్టు చెప్పించాడు. సేటు మీద నా కోపం ఈనాటికీ చల్లారలేదు.

ఆ నిపుణుడు, ఈ పని ఎవరు చేశారని అడగలేదు, ఎక్కడ పడిందని అడిగాడు. బావ వేలు పెట్టి చూపించాడు. ఆయన చొక్కా చేతులు మడిచి మాతోపాటే కూర్చుని మందుతో కడిగించి, వేడి చేయించి, గాలి తోడించి చూశాడు. గొట్టం నిలిచింది. మిగతావీ మాకే వచ్చాయి, బావ పనీ నిలిచింది. ఆపైన ఆయన చెప్పినట్టే, బొట్టు గొట్టాలకు కాక, వాటిని సర్దిన చెక్కపెట్టెలకు పెట్టి ఓడకు పంపేవాళ్లం.

ఇప్పుడు ఆ షెడ్లు లేవు, బావా లేడు. రెండు దేశాల వాళ్లూ ఎక్కడివాళ్లక్కడే కూర్చుని ఒకే లెక్కను తెర మీద చూసుకుంటున్నారట, చాలా సంతోషం, ఇంకా పెద్ద పనులే చేస్తారు. కాని తప్పు జరిగిన చోట వేలు పెట్టి చూపించే మనిషీ, కోప్పడకుండా పక్కన కూర్చుని కడిగే మనిషీ ఆ తెరలకు అటొకరు ఇటొకరు ఉన్నారో లేదో, నా బోటివాడికి తెలిసే దారి లేదు. ఉండే ఉంటారు. లేకపోతే అంత పెద్ద యంత్రాలు ఎట్లా తిరుగుతాయి?