బాంబర్ పైలట్ దగ్గర కారు నేర్చుకున్నాను

తెలివితక్కువతనం ఒక్కొక్కరికి ఒక్కో రూపంలో వస్తుంది. నాకు అమెరికన్ రూపంలో వచ్చింది. యుద్ధంలో ఎనిమిది ఇంజన్ల బాంబర్ నడిపిన మనిషి, ఒకే ఇంజనున్న కారును ఎనిమిదో వంతు కాలంలో నేర్పేస్తాడని లెక్క వేసుకున్నాను. ఇంజనీర్ని కదా, లెక్క బాగానే కుదిరింది. కారే కుదరలేదు.

అప్పట్లో అరబ్బు దేశంలో, హుఫూఫ్ అనే ఊళ్ళో ఒక కాంట్రాక్టు కంపెనీలో పనిచేసేవాణ్ణి. నా భార్యకు ఫ్యామిలీ వీసా వచ్చింది. ఫోన్లో ఆవిడ ఒకటే షరతు పెట్టింది.

"అక్కడ ఆడవాళ్ళు కారు నడపకూడదంట కదా. మీకేమో రాదు. ఇంక నేనొచ్చి ఏం చెయ్యాలి, కిటికీ ఊచలు లెక్కపెట్టుకోవాలా? ముందు రుఖ్సా తెచ్చుకోండి, తర్వాత టికెట్ కొందురుగాని."

రుఖ్సా అంటే అక్కడి డ్రైవింగ్ లైసెన్సు. ఆ మాట ఆవిడకు నేర్పింది నేనే. మొదటిసారి నా మీదే ప్రయోగించింది.

మా కంపెనీ సేఫ్టీ సలహాదారు పక్క విల్లాలో ఉండేవాడు. అరవై దాటిన అమెరికన్. వియత్నాం యుద్ధకాలంలో ఒక ద్వీపం నుంచి బయల్దేరి, గంటల తరబడి సముద్రం మీద ఎగిరి, బాంబులు వేసి తిరిగొచ్చేవాడట. యుద్ధమయ్యాక సరుకు విమానాలు నడిపాడు. తర్వాత పొలాల మీద విమానంతో మందు చల్లాడు. గుండె డాక్టరు ఇక ఎగరొద్దన్నాక, మాలాంటివాళ్ళ నెత్తిన హెల్మెట్లు పెట్టించే పనిలో కుదిరాడు.

"ఉద్యోగం మారినప్పుడల్లా కొంచెం ఎత్తు తగ్గుతూ వచ్చాను. ఇప్పుడు బెండమొక్కల దాకా దిగాను" అనేవాడు. నిజంగానే ఆయన పెరటినిండా బెండమొక్కలే.

శుక్రవారం ఉదయాలు కాంపౌండు వెనక ఖాళీ మైదానంలో పాఠం. ముందు కారు చుట్టూ ప్రదక్షిణం, టైర్లు తట్టి చూడటం. ఎక్కాక ఆయన ఒక్కో పేరూ పిలవాలి, నేను జవాబివ్వాలి. బాంబర్లో అంతేనట.

"అద్దాలు?"

"చూశాను సర్."

"హ్యాండ్ బ్రేకు?"

"వేసే ఉంది సర్."

"పాదాలు?"

"రెండూ ఉన్నాయి సర్."

ఇంత తతంగమయ్యాక క్లచ్ వదిలితే కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయేది. ఆయనకది విమానం, నాకది అవమానం.

అసలు పాఠం ఆ తర్వాత పెరట్లో కాఫీ దగ్గర. బాంబర్ దిగిన సిబ్బంది ఒక గదిలో కూర్చుని ముందు ఎవరి తప్పులు వాళ్ళు, ఆపైన ఒకరివొకరు చెప్పుకునేవారట. ఆ గదిలో పెద్దా చిన్నా లేదట. నా తప్పులు చెప్పుకోవడానికి నాకు ఇబ్బంది లేదు, సరుకు పుష్కలం. తర్వాత "ఇప్పుడు నావి చెప్పు" అనేవాడు.

"మీవా? అబ్బే, ఏం లేవు సర్."

ఆఫీసుల్లోనే తల నెరిసిన నాలాంటివాడు పెద్దాయనతో ఇంకేమంటాడు?

"అయితే పాఠం పూర్తి కాలేదు. వచ్చే శుక్రవారం మళ్ళీ ఇదే."

అలా శుక్రవారాలు గడిచిపోతున్నాయి. నేను మైదానంలోనే ముందుకూ వెనక్కూ. ఫోన్ మోగితే భయం.

"మీ బాంబుల మాస్టారు ఎంతవరకూ వచ్చాడండీ?"

"మైదానం దాటలేదు."

"బావుంది! మీరు మైదానం దాటేలోపు నా వీసాకి గడువు దాటుతుంది."

ఒక శుక్రవారం మైదానం చివరున్న ఖర్జూరపు చెట్టు వైపు వెళ్తుంటే, ఆయన ఎప్పటిలాగే చటుక్కున స్టీరింగ్ లాగేశాడు. కాఫీ దగ్గర ఎప్పటిలాగే "నా తప్పులు?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఉన్నాయి సర్! నేను బ్రేకు తొక్కేలోపే మీరు స్టీరింగ్ లాగేస్తారు. అన్నీ మీరే చేస్తే నాకెప్పుడొస్తుంది? పైగా ఎడమ అని అరుస్తూ చెయ్యి కుడికి చూపిస్తారు!"

అనేశాక ఉద్యోగం గుర్తొచ్చింది. ఆయన మాత్రం కప్పు కింద పెట్టి పకపకా నవ్వాడు.

"ఎన్ని వారాలు పట్టిందయ్యా నీకు! ఒకసారి తిరుగు ప్రయాణంలో నేను తప్పు దిశ పట్టాను. దారి చూసే నావిగేటర్ కొత్తవాడు. తెలిసీ, కెప్టెన్ కదా అని మర్యాదకి ఊరుకున్నాడు. ఆ మర్యాదతో ఆరుగురం సముద్రంలో దిగబోయాం. తప్పు అతనిది కాదు, నోరు విప్పడానికి భయపడేలా ఉన్న నాది."

బాంబులు వేసేటప్పుడు కింద మనుషులు కనపడేవారా అని అడిగాను.

"అంత ఎత్తు నుంచి కనపడరు. ఆ గదిలో అన్ని తప్పులూ చెప్పుకున్నాం గానీ, ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు." లేచి మొక్కల దగ్గరికి వెళ్ళి, నా చేతినిండా బెండకాయలు కోసి పెట్టాడు.

మరుసటి శుక్రవారం నన్ను రోడ్డెక్కించాడు. తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, చెమటలు కక్కుతూ కూర్చున్నాడు తప్ప స్టీరింగ్ ముట్టుకోలేదు. పరీక్షలో పోలీసాయన నా డ్రైవింగు రెండు మలుపులు చూసి "ఖలాస్" అన్నాడు, అంటే ఇక చాలని. రుఖ్సా వచ్చింది. గడువు మిగిలుండగానే ఆవిడా వచ్చింది.

మొదటి షికారు ఖర్జూరాల బజారుకి. మాస్టార్ని కూడా పిలిచాం. ఆయన అలవాటుగా ముందు తలుపు తెరిచాడు. అక్కడ మా ఆవిడ దర్జాగా కూర్చుని నవ్వుతోంది. ఎక్కిన ప్రతి వాహనంలోనూ ముందు సీట్లోనే కూర్చున్న మనిషి, మారుమాట లేకుండా వెనక సీట్లో మోకాళ్ళు మడుచుకున్నాడు.

మధ్యలో పెద్ద కాఫీ కూజా బొమ్మ ఉన్న చౌరస్తా వచ్చింది. బజారుకు మళ్ళాల్సిన దారి కావాలనే వదిలేసి, చుట్టూ ఇంకో రౌండు వేశాను.

"ఏమండీ, ఇందాకటి కూజా మళ్ళీ వచ్చిందేంటి?" అంది ఆవిడ.

"ఊరు చూపిస్తున్నాను" అని మూడో రౌండులోకి తిప్పాను. అద్దంలో చూస్తే మాస్టారు పళ్ళు బిగించి, వెనక సీట్లో లేని బ్రేకును బలంగా తొక్కుతున్నాడు. స్టీరింగ్ లాగే చెయ్యి పక్కన లేదు కదా, నాలుగో రౌండు కూడా వేశాను.