దేవేంద్రప్ప లెక్క తప్పిన రోజు

దేవేంద్రప్పకు ఏ సంఖ్య కనబడినా దాన్ని భాగించి చూడనిదే ముద్ద దిగదు. డోన్ స్టేషన్లో వచ్చే పోయే గూడ్సు పెట్టెల నంబర్లు పుస్తకంలో రాసుకోవడం ఆయన ఉద్యోగం. రాసుకుని ఊరుకున్నా జీతం వచ్చేది. ఆయన మాత్రం ప్రతి నంబరు గుణగణాలూ చెప్పి గానీ పెట్టెను కదలనిచ్చేవాడు కాదు.

చదివింది వీధిబడిలో మూడేండ్లే. అయితేనేం, ఇరవై ఎక్కాలూ వెనకనుంచి కూడా ఒప్పజెప్పేవాడు. ఒకసారి 2520 నంబరు పెట్టె వచ్చింది. గార్డు పచ్చజెండా ఊపుతుంటే ఈయన అడ్డం నిలబడినాడు.

"ఒకటి మొదులు పది దాకా దేంతో పంచినా దీంట్లో మిగులుండదప్పా. అందరికీ సమంగా వడ్డించే సంఖ్య ఇంతకంటే చిన్నది యాడా లేదు. దండం పెట్టి పో."

గార్డు దండం పెట్టే పోయినాడు.

దేనితోనూ తెగని సంఖ్య దొరికితే ఆయనకు పండగే. దానికి 'మొండి' అని పేరు పెట్టి, పెట్టెకు సుద్దముక్కతో నామం దిద్దేవాడు. ఎవరైనా సందేహపడితే మీసం మీద చేయి వేసి, లెక్క తప్పితే ఇది తీయించుకుంటానని పందెం కాసేవాడు. ముప్పై ఏండ్లయినా మంగలి బొజ్జన్న కత్తికి ఆ మీసం దక్కలేదు.

స్టేషన్లో బొగ్గు మోసే ఓబులమ్మ కొడుకు లేవి బర్మా యుద్ధానికి పోయినాడు. ఎనిమిది నెలలుగా జాబు లేదు. ఆమె కూడు మానేసింది. చర్చి అయ్యగారు బతిమాలినా గంజి ముట్టలేదు. ఒకనాడు కొడుకు పంపిన పాత కవరు తెచ్చి దేవేంద్రప్ప ముందు పెట్టింది. దాని మీద పటాలంలో వానికిచ్చిన నంబరు ఉంది: 104927.

"అన్నా, మావోడు మొండోడా కాదా చెప్పు. నీ లెక్క తప్పదని అడగతాండా."

రెండు రోజులు దేవేంద్రప్ప ఇంటి గోడ నిండా బొగ్గుతో భాగహారాలే. తెగే సంఖ్యయితే మూడువందల ఇరవైమూడు లోపల ఎక్కడో తెగాలని ఆయనకు తెలుసు. ఏడు, పదకొండు, పదమూడు, ఒకటి తర్వాత ఒకటి ఓడిపోయి మిగులుతో వెనక్కి వచ్చినాయి. మూడోనాడు పొద్దున్నే పోయి ఓబులమ్మ గడపలో నిలబడినాడు.

"మొండి. శానా మొండి. ఎవురి చేతా కాదు. లేచి రొట్టె తిను."

ఆమె రెండు జొన్నరొట్టెలు తినింది.

యుద్ధం ముగిసినాక లేవి కొంచెం కుంటుతూ రైలు దిగినాడు. మిషన్ బడిలో ఐదో తరగతి చదివినవాడు, ఊరుకుంటాడా? అందరి ముందరా అడిగేసినాడు.

"మామా, నా నంబరు మొండని అమ్మ రాయించిన జాబు ఆసుపత్రిలో అందింది. పని లేక నేనూ భాగించినా. 317తో తెగతాండాదే?"

దేవేంద్రప్ప వేళ్ళు ముడుస్తూ, పెదవులు కదుపుతూ శానాసేపు లెక్క చూసినాడు.

"ఔరా, తప్పింది" అని, నేరుగా బొజ్జన్న దగ్గరికి నడిచినాడు.

సాయంత్రం లేవి క్షమాపణ చెప్పుకుందామని వాళ్ళింటికి పోయినాడు. గోడ మీద పొగ పట్టిన బొగ్గు రాతల్లో అట్టడుగు వరుస, చుట్టూ సున్నా చుట్టి ఉంది: 317 × 331.

"మామా, అంటే నీకు అప్పుడే..."

దేవేంద్రప్ప నున్నటి పెదవి తడుముకున్నాడు.

"మీ అమ్మతో అనేవు, జాగర్త. ఇచ్చేదానికి నాకింకో మీసం లేదు."