ఏడు గాట్ల కర్ర

"ఆ కర్ర అక్కడ పెట్టెయ్యి దుర్గేషూ. లోతు చూడ్డానికి గట్టుమీద వెదురు గెడ ఉంది, అది తీసుకో. దాన్ని మాత్రం నీళ్లలో ముంచకు."

సుబ్బరాజుగారి గొంతులో కోపం లేదు, కంగారుంది. మేత బస్తాల వెనక గోడకి చేరవేసి ఉన్న రెండు మూరల కర్రని దుర్గేష్ అప్పటికే చేతిలోకి తీసుకున్నాడు. ముట్టుకోవద్దంటే దాన్ని ఇంకాస్త తిప్పి చూడాలనిపించింది. ఒక పక్కన చాకుతో పెట్టిన గాట్లు ఉన్నాయి. లెక్కపెడితే ఏడు. వాటి పక్కన పెన్సిలుతో ఏవో అంకెలు.

"టైములా ఇవి, రాజుగారూ?"

"ముందు మోటారు సంగతి చూడవయ్యా."

ఉండి ఊరు దాటి కొల్లేటి వైపు పోతే రాజుగారి నాలుగెకరాల రొయ్యల చెరువు వస్తుంది. నీళ్లని చిలికి రొయ్యలకి గాలి అందించే యంత్రం పొద్దున ఆగిపోయిందని ఫోనొస్తే దుర్గేష్ తాడేపల్లిగూడెం నుంచి బండిమీద వచ్చాడు. పదో తరగతి తప్పాక అతను ఏ బడికీ పోలేదు. పాడైన మోటార్లు విప్పుకుంటూ పని నేర్చుకున్నాడు. మనుషుల్ని కూడా అలాగే, తొందరపడకుండా ఒక్కో బోల్టే విప్పుతాడని గూడెంలో అంటారు. మూడేళ్లుగా ఈ చెరువుకి వస్తున్నాడు. వచ్చినప్పుడల్లా రాజుగారు సముద్రం కబుర్లు చెబుతారు. ఊళ్లోవాళ్లు వినీ వినీ విసిగిపోయారు కానీ దుర్గేష్‌కి విసుగు రాలేదు.

"ఆయన సముద్రంలోకి దిగారంటే నీ మోటారు ఇవాళ లేవదు నాయనా," అని ఆయన భార్య కుసుమగారు టీ గ్లాసులు పెట్టి వెళ్లారు.

రాజుగారిది పదిహేడేళ్లపాటు బురద కలిపే ఉద్యోగం. సముద్రం మధ్యలో నూనె బావి తవ్వే రిగ్గుమీద. తవ్వుతున్నంతసేపూ గొట్టంలోంచి చిక్కటి బురద కిందికి పంపుతూనే ఉండాలి. ఆ బురద బరువే కింది గ్యాసునీ నూనెనీ పైకి రాకుండా తొక్కిపెట్టి ఉంచుతుంది. మొదటిసారి ఆయన ఆఫ్రికా పడమటి తీరానికి బయల్దేరినప్పుడు, "బురద కోసం అంత దూరం దేనికిరా, కొల్లేట్లో అయిపోయిందా?" అని మేనమామ నవ్వాడట. తీరా అక్కడికి పోతే బురదలో కలిపే బరువురాతి పొడి బస్తాలమీద మంగంపేట అని రాసి ఉందట. కడప రాయి తనకంటే ముందే వచ్చి కూర్చుందని రాజుగారు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

ఆ నవ్వు ఆరేళ్లకిందటి బావి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. ఆ బావి పేలింది. తొంభై నాలుగు రోజులు నూనె కక్కింది.

"నాకిప్పటికీ అర్థం కానిదొకటేనండి," అన్నాడు దుర్గేష్, మోటారు మూత విప్పుతూ. "అంత పెద్ద కంపెనీ. ఒక్క బెజ్జం మూయలేకపోయిందా?"

"మీ గూడెంలో బోరు పొంగిందనుకో. అరచెయ్యి అడ్డం పెడితే ఆగుద్దా?"

"చొక్కా తడుస్తుందండి."

"ఇది మైలు లోతు నీళ్లకింద బోరు. మనిషి దిగలేడు. వెలుతురుండదు. పైనున్న ఓడలోంచి, కెమెరాలో చూసుకుంటూ మరచేతులతో నట్టు తిప్పాలి. బావి మూతిమీద నాలుగంతస్తుల ఎత్తు ఇనప తలుపులు పెట్టారు, పొంగితే గొట్టాన్ని కత్తిరించి మూసుకుపోయేలాగ. సరిగ్గా అప్పుడే లోపల గొట్టం వంగింది. కత్తి పక్కకి పడింది. సగం కొరికి ఊరుకుంది."

"మరి మూకుడు బోర్లించినట్టు పైనుంచి ఏదన్నా..."

"అదీ చేశారయ్యా. ఇల్లంత మూకుడు దించారు. ఆ లోతులో చలికి గ్యాసూ నీళ్లూ కలిసి మంచులాగ గడ్డకట్టి మూకుడుకున్న బెజ్జాన్నే మూసేశాయి. తేలిపోయింది. ఆ తరవాత మా వంతు. ఎంత బరువు బురద కలపగలిగితే అంతా కలిపి మూడు రోజులు కొట్టాం. తాడుముక్కలు, రబ్బరు బంతులు కూడా కొట్టాం. మేం పోసేదానికంటే పక్క పగుల్లోంచి బయటికి పోయేదే ఎక్కువ. క్యాంటీన్లో టీవీ పెట్టి ఉంచేవారు. నేను కలిపిన బురద నా కళ్లముందే పొగలాగ సముద్రంలోకి పోతుంటే అన్నం తినేవాణ్ణి."

"మరెలా ఆగిందండీ?"

"మైలున్నర అవతల ఇంకో బావి తవ్వారు. వంకరగా. భూమి లోపల రెండు మైళ్లు పోయి, జానెడు బెజ్జాన్ని పక్కనుంచి పొడవాలి. రెండుసార్లు గురి తప్పింది. మూడోసారి తగిలింది. మన చెరువుగట్టుకి ఎండ్రకాయ బొరియ పడితే బయటి వైపు మట్టి కొడితే ఆగుద్దా? లోపలికి దిగి, నోరెక్కడుందో కాలితో వెతుక్కుని, గడ్డీ బంకమన్నూ కుక్కాలి. అదీ అంతే. ఆ రోజు కేకు కోశారు. అందరికీ టోపీలిచ్చారు." ఆయన గట్టుమీద బోర్లించిన బకెట్టు వైపు చూపించారు. దానిమీద వెలిసిపోయిన నీలం టోపీ ఒకటి ఉంది. "మేత కొలిచేటప్పుడు ఎండకి పనికొస్తుంది."

కబుర్లు ఎప్పుడూ ఇక్కడితో అయిపోతాయి. టోపీ తరవాత రాజుగారు చెరువులోకి చూస్తూ కూర్చుంటారు. ఇవాళ ఆ నిశ్శబ్దంలో దుర్గేష్‌కి వారం కిందటి సంగతి గుర్తొచ్చింది.

"మీ బావి సంగతి అనుకుంటే గుర్తొచ్చిందండి. పెంటపాడులో సుందరమ్మగారని, వరిచేలో మోటారు చూడ్డానికి వెళ్లాను. ఆవిడ కొడుకు కూడా రిగ్గుమీదే పోయాడట కదండీ. ఫణికిరణ్ అని. మీకు తెలిసే ఉంటాడు."

రాజుగారు టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నారు.

"మిట్టమధ్యాహ్నం, ఊరంతా కునుకు తీసే వేళ. ఆవిడ ఒక్కర్తే అరుగుమీద నిటారుగా కూచునుంది. కాసేపు నడుం వాల్చరాదా అమ్మా అన్నాను. 'మావాడు పడుకునే కదయ్యా పోయాడు' అంది. ఆరేళ్లుగా పగటిపూట కళ్లు మూయలేదట. ఊళ్లో పిల్లలకి కూడా ఆవిడంటే, అదిగో నిద్దరోయినోడి తల్లి..."

"ఆపు."

టీ గ్లాసు కిందపెట్టబోయి రాజుగారు బల్ల అంచుకి కొట్టారు. టీ ఒలికి మోటారు తీగలమీద పడింది. దుర్గేష్ గుడ్డతో తుడిచి, ఏమీ అడగకుండా కూర్చున్నాడు. అడగకుండా కూర్చోవడం కూడా అతనికి వచ్చిన విద్యే.

కాసేపటికి రాజుగారే కర్రని తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"ఇది వాడిదే," అన్నారు.

ఫణికిరణ్‌ని రిగ్గుమీదికి తీసుకెళ్లింది రాజుగారే. డిప్లొమా చదివి ఖాళీగా ఉన్న కుర్రాడని ఎవరో చెబితే, మనవైపు మనిషి తోడుంటాడని తన కింద బురద ట్యాంకుల దగ్గర వేయించుకున్నారు. కిందికి పంపిన బురదంతా తిరిగి ఆ ట్యాంకుల్లోకే వస్తుంది. పంపినదానికంటే ఎక్కువ వస్తోందంటే కింద ఏదో పైకి తోస్తోందని అర్థం. అది చూడ్డానికి కంప్యూటరు ఉంది. ఫణి దాన్ని నమ్మలేదు. వాళ్ల పెంటపాడు కాలవ లాకుల దగ్గర నీటిమట్టానికి గాట్లు పెట్టిన కర్ర పాతుతారు. అలాంటిదే ఒకటి చెక్కి, ట్యాంకు అంచునుంచి వేలాడదీశాడు. తెల్లవాళ్లు ఫొటోలు తీసుకుని నవ్వారు.

"ఆ మధ్యాహ్నం పదేసి నిమిషాలకి ఒక గాటు పెట్టాడు. బురద ఎంతవరకు అంటితే అంతవరకు. పక్కన టైము రాశాడు. నాలుగో గాటుకి సూపర్‌వైజరుకి చెప్పాడు. ఇవాళ ఒక ట్యాంకులోంచి ఇంకో ట్యాంకులోకి తోడుతున్నారు, అందుకే పెరిగింది, పో అన్నాడు. బావి పని ఆ రోజుతో అయిపోవాలి, రిగ్గు ఇంకో చోటికి పోవాలి. ఆరో గాటుకి నన్ను పిలిచాడు. నేను చూశాను దుర్గేషూ. ఈ కళ్లతో చూశాను. నేనూ వెళ్లి చెప్పాను. వినలేదు. వెనక్కొచ్చేసరికి ఏడోది పెడుతున్నాడు. అప్పుడే అలారం మోగింది."

ఆయన ఏడో గాటుమీద బొటనవేలు ఆనించారు. అది మిగతావాటికంటే వంకరగా, లోతుగా ఉంది.

"అలారం మోగితే ఎక్కడున్నది అక్కడ వదిలేసి తప్పించుకునే పడవ దగ్గరికి పొమ్మని రిగ్గు రూలు. నేర్పించారు, పరీక్ష పెట్టారు, సర్టిఫికెట్టిచ్చారు. వాడికి అంతకుముందే ఇంకో రూలు ఎక్కిపోయింది. మన గట్లమీద రూలు. గండి చూసినవాడు గండిని వదలకూడదు. కాలు అడ్డం పెట్టి కేకెయ్యాలి, పదిమంది వచ్చేదాకా కదలకూడదు. నేనే చెప్పేవాణ్ణి రోజూ గొప్పగా, తుఫానులో మా నాన్న గట్టుకి నడుం అడ్డం పెట్టాడని. పద ఫణీ అన్నాను. కర్ర నా చేతికిచ్చి 'ఇది వాళ్లకి చూపించండి మావయ్యా, నేను ట్యాంకు గేటు మూస్తాను, మనుషుల్ని పంపండి' అన్నాడు. కేకలేస్తూ గేటు చక్రం తిప్పుతున్నాడు. మనుషుల్ని పంపండీ, మనుషుల్ని పంపండీ అని. ఆ ఇనపగేటు అడ్డంపెడితే ఆగేదా అది! మా నాన్న గట్టు మనిషెత్తు. అది మైళ్ల లోతు."

"మరి మీరండీ?"

"రూలు ప్రకారం పడవ దగ్గరికి పరిగెత్తాను."

చెరువులో ఏదో ఎగిరి పడింది. ఇద్దరూ అటు చూడలేదు.

బావి పేలిన పదకొండో రోజున తీరంలో ఒక హోటలు గదిలో కంపెనీ మనుషులు రాజుగారి ముందు కాగితం పెట్టారు. ఆ మధ్యాహ్నం నేను ట్యాంకుల వైపు పోలేదు, కాపలా ఫణికిరణ్‌ది, అతను ఎవరికీ ఏమీ చెప్పినట్టు నేనెరగను అని రాసి ఉంది. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంది. సంతకం పెడితే బావి మూసే ఓడమీద బురద పనికి తీసుకుంటామన్నారు, మీలాంటి చెయ్యి మాకు కావాలి అన్నారు. కర్ర అప్పుడు మంచంకింద సంచిలో ఉంది.

"పోయినవాడు ఎలాగూ పోయాడు, ముందు లీకు ఆపాలి, సముద్రం పాడైపోతోంది అని చెప్పుకున్నాను నాకు నేను. చెప్పుకుంటే బాగానే వినిపించింది. ఆ సంతకం చేసిన చేత్తోనే పోయి బురద కలిపాను. నాలుగు నెలల తరవాత కంపెనీ రిపోర్టు వచ్చింది. కాపలా మనిషి నిద్రపోయి ఉండవచ్చు అని రాశారు. ఉండవచ్చు అట! ఆవిడకి కంపెనీ పంపిన ఇంగ్లీషు ఉత్తరం చదివిపెట్టినవాడెవడో ఆ 'ఉండవచ్చు' అన్న మాట తీసేశాడు."

"ఆవిడ మిమ్మల్నేమీ అడగలేదాండీ?"

"ఎందుకడగదు? వాడి బట్టల పెట్టె పట్టుకెళ్లాను. మజ్జిగిచ్చింది. నేను తాగేదాకా ఆగి, 'మావాడు నిద్దరపోయాడాండీ, రాజుగారూ?' అంది. అప్పుడైనా చెప్పొచ్చు. హోటలు లేదు, కంపెనీ లేదు. అవతల ఆవిడొక్కత్తే. 'నాకు తెలీదమ్మా, నేనటు వైపు లేను' అన్నాను. కాగితంమీద రాసిందే నోటికొచ్చింది."

దుర్గేష్ మోటారుకి మూత బిగించి స్విచ్చి వేశాడు. చక్రాలు తిరిగి చెరువు తెల్లగా నురగలు కట్టింది. ఆ చప్పుడులో మాట వినిపించదని రాజుగారే లేచి మళ్లీ ఆపేశారు.

"గూడేనికి పెంటపాడు మీదుగానేగా పోతావు?"

"ఆయ్."

"ఇది తీసుకెళ్లి ఆవిడకియ్యి."

దుర్గేష్ కర్ర అందుకోలేదు. "బండిమీద వెనక కూచోండి రాజుగారూ. గంటన్నర దారి. మీరే ఇవ్వండి."

"ఏం మొహంతో కూచోమంటావు?"

"అదే మొహంతోనండి," అన్నాడు దుర్గేష్ మెల్లగా. "ఆవిడ చూసింది అదే కదండీ."

రాజుగారు అదోలా నవ్వారు. ఆ మాట తగిలినట్టే ఉంది. గోడకి తగిలించిన చొక్కా తీసి ఒక చెయ్యి దూర్చారు. రెండోది దూర్చకుండా అలాగే కాసేపు నిలబడ్డారు. తరవాత ఆ చొక్కాని విప్పి, కర్రకి చుట్టి, పురికొసతో రెండుచోట్ల కట్టారు.

"నావల్ల కాదయ్యా. పారిపోయినవాడికి పారిపోవడమే వస్తుంది. నువ్వు చెప్పు. గాట్లు ఒక్కోటీ ఆవిడ వేలుతో తడిమించు. పక్కన టైము చదివి వినిపించు. నిద్రపోయినవాడు పది నిమిషాలకోసారి లేచి గాటు పెట్టడని చెప్పు. ఆరో గాటు సుబ్బరాజు చూశాడని, చూసి కూడా లేదని సంతకం పెట్టాడని చెప్పు. నా పేరు చెప్పు, ఊరు చెప్పు. ఎవరో పెద్దాయన అని చెప్పి తప్పించకు."

దుర్గేష్ పనిముట్ల సంచి వీపున వేసుకుని, కట్టని బండి ట్యాంకుమీద అడ్డంగా పెట్టుకున్నాడు. ఇంత తేలిక వస్తువు అంత ఇబ్బంది పెడుతుందని అతననుకోలేదు. బండి స్టార్టయ్యాక రాజుగారు గట్టుదాకా వచ్చి హ్యాండిలు పట్టుకున్నారు.

"ఇంకోటి. ఆవిడ తిడుతుంది. నువ్వు మంచివాడివి, మధ్యలో సర్దిచెప్పబోతావు. వద్దు. ఆవిడ అలిసిపోయేదాకా కూచుని విను. విన్నవన్నీ, ఒక్కటి కూడా మెత్తన చెయ్యకుండా, రేపొచ్చి నాకు చెప్పు."