మాట వినని పిల్ల

తెలుగువాళ్లు మాటను చెవితో వినరు, మెడ వంచి వింటారు. ‘వాడు మాట వినడు’ అంటే వాడికి చెవుడు అని మనలో ఎవరూ అనుకోరు, మొండివాడనుకుంటారు. అలంకారశాస్త్రం చదివినవారు దీన్ని వాచ్యార్థమనీ లక్ష్యార్థమనీ విడదీసి చూపుతారు. జహీరాబాద్ ఉన్నత పాఠశాలలో ఏళ్ల తరబడి నేనూ చూపాను. వాడుకలో లక్ష్యార్థం ఒక్కొక్కసారి బలిసి వాచ్యార్థాన్ని మింగేస్తుంది. పాఠంలో అది ముచ్చటగానే ఉంటుంది. మహాదేవమ్మ కూతురి విషయంలో మాత్రం అది పసిబిడ్డ ప్రాయాన్నే మింగింది. ఆ కోపం నాకు ఇప్పటికీ తీరలేదు. తీరాలని కూడా లేదు.

మహాదేవమ్మ మా పక్కింట్లో అద్దెకుండేది. అత్తవారి ఊరు మొగుడంపల్లి. భర్త మల్లికార్జున్ సైన్యంలో నాయక్. సిక్కిం సరిహద్దున ఉండేవాడు. అతడు సెలవు మీద వస్తే రైలు దిగగానే ఇల్లు చేరాలని, అత్త గంగమ్మనూ కూతురు గిరిజనూ పెట్టుకొని ఆమె స్టేషన్ దగ్గరే కాపురముండేది. పట్టాల పక్క ఇల్లు. బొగ్గు ఇంజను కూత పెడితే వీధిలో పసిపిల్లలందరూ ఉలిక్కిపడి ఏడ్చేవారు. గిరిజకు నిద్ర చెదిరేది కాదు. “ఎంత నెమ్మదిగల్ల పిల్ల!” అని గంగమ్మ మురిసిపోయేది.

మూడో ఏడు వచ్చినా పిల్లకు మాటలు రాకపోయేసరికి మురిపెం పోయి ఇంట్లోకి వసకొమ్ము వచ్చింది. వస అరగదీసి నాలుకకు రాస్తే మాటలొస్తాయని మనవాళ్ల నమ్మకం. వాగుడుకాయను చూసి ‘చిన్నప్పుడు వస ఎక్కువ పోశారా?’ అని అడగటం అందుకే. గిరిజకు ఎంత రాశారో గాని, సానరాయిని చూస్తేనే ఆ పిల్ల మా ఇంట్లోకి పరుగెత్తుకొచ్చేది.

“నాలికె మొద్దువారింది. ఇంకింత రాయాలె,” అనేది గంగమ్మ.

“నాలికె మంచిగనే ఉన్నది అత్తమ్మా. ఐస్‌ఫ్రూట్ చూస్తె లొట్టలేస్తది. దానికి ఇనవడ్తలేదు.”

“ఇనవడకేం? నువ్వు ఎనకనుంచి వస్తె మళ్లి చూస్తది గద!”

“నా నీడ చూసి మళ్లుతది.”

డెబ్బైయెనిమిది వానాకాలంలో ఆమె పిల్లను ఎత్తుకొని సికింద్రాబాద్ వెళ్లి, సైనిక కుటుంబాలను చూసే ఒక దవాఖానలో డాక్టరు ముందు నిలబడింది. ఆయన ఉత్తరాదివాడు. బిడ్డ మాట వినదని చెప్పబోయి, తనకు వచ్చిన ఉర్దూలో, “సాబ్, బచ్చీ బాత్ నై సున్తీ,” అన్నది. ఆయన నవ్వాడు. తండ్రి దగ్గర లేని పిల్లలు ఇలాగే మొండికేస్తారనీ, గారాబం తగ్గించమనీ చెప్పి, కడుపులో పురుగులు పడిపోవడానికి మందు రాసిచ్చి పంపాడు. చెవిలోకి తొంగి అయినా చూడలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఉర్దూలోనూ ఆ వాక్యానికి అదే వంకర ఉంది. కన్నడంలో ‘మాతు కేళల్ల’ అన్నా అంతే. మూడు భాషలు కలిసే ఊళ్లో పుట్టిన ఆ తల్లికి, మూడింటిలో ఒక్కదానిలో కూడా తన గోడు చెప్పుకునే వీలు లేకపోయింది. పోనీ ఊళ్లోనే చూపిద్దామని మా సర్కారు దవాఖానకు పోతే అక్కడి ఆయన, “ఫౌజోళ్లకు ఫౌజు దవాఖాన ఉండంగ మా పానం తీస్తరేంది?” అన్నాడు.

పెద్ద డాక్టరు మొండితనమన్నాడు గనుక గంగమ్మ బెత్తం తీసింది. పిలిస్తే రాలేదని కొట్టింది, వద్దంటే ముట్టుకున్నదని కొట్టింది. చదువుకున్నవాడు నోరు జారితే ఆ దెబ్బ ఎక్కడ తగులుతుందో ఆ పిల్ల పిక్కల మీద చూశాను.

ఎనభై తొలినాళ్లలో మల్లికార్జున్ సెలవు మీద వచ్చి ఒక సంగతి చెప్పి పోయాడు. సైనికుల ఇళ్లలోని చెవిటి పిల్లలకు మాటలు నేర్పే చిన్న బడి ఒకటి సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఉందట. అధికారుల భార్యలు నడుపుతారట. అయిదేళ్లు నిండితే మాత్రం చేర్చుకోరట. మాట మొలకెత్తే వయసు అంతలోపేనట. గిరిజకు ఉగాదికి అయిదు నిండుతాయి. శివరాత్రి వెళ్లిన మర్నాడే మహాదేవమ్మ మా గడపలో నిలబడింది.

“సార్, నువ్వు తెలుగు పంతులువు గద. నా మాట ఆళ్లకు సమజయ్యేటట్టు చెప్పుదువు, జర రా.”

బడి ఆఫీసులో రామ్‌కిషన్ అనే గుమాస్తా ఉన్నాడు. ఏం తక్లీఫ్ అని అడిగాడు. ఆమెకు అలవాటైన మాటే నోట వచ్చింది.

“బిడ్డ మాట ఇనది సారూ.”

“మాట ఇననోళ్లకు గిది జాగ కాదమ్మా, గిది చెవిటి పిల్లల బడి. మాట ఇనని పోరగాళ్లను తీసుకుంటె కంటోన్మెంట్ మొత్తం ఈడనే దిగుతది!”

నేను కల్పించుకొని, “అయ్యా, ఈ బాలిక బధిర,” అన్నాను.

“భద్రాచలమా? జహీరాబాదని చెప్పిన్రు గద ఇప్పుడే?”

ఇంతలో గిరిజ బల్లమీది రబ్బరు ముద్ర తీసుకొని అరచేతిలో అద్దుకోసాగింది. రామ్‌కిషన్ “ఏయ్! రఖ్ దే! పెట్టు!” అని అరిచాడు. పిల్ల రెండో చేతికీ అద్దుకుంది. ఆయన మళ్లీ గావుకేక పెట్టి, “చూసిన్రా? ఎంత మొండిదో!” అన్నాడు.

మహాదేవమ్మ లేచింది.

“మొండిదా? నువ్వింత మొత్తుకుంటివి, గోడ మీద బల్లి ఉరికింది. నా బిడ్డ కన్ను కదిలిందా? ఇనదంటె ఇనదు! చెవులల్ల సప్పుడు పోదు! ఇంకే బాసల చెప్పాలె నీకు? నా మొగన్ని ఫౌజుల తీసుకున్ననాడు మీకు అందరి బాస సమజైంది గద!”

ఆ అరుపుకు లోపలి గదిలోంచి మనోరమ వచ్చింది. ఒక మేజరు భార్య. ఆ బడిలో పంతులమ్మ. పిల్ల వెనుక కూర్చొని గంట మోగించింది, డప్పు కొట్టింది. గిరిజ తన అరచేతులు చూసుకుంటూనే ఉంది.

“ఎందుకమ్మా ఇంత ఆలస్యం చేశావు?” అన్నది మనోరమ.

“ఆలస్యం నేను చేసిన్నా?” అన్నది మహాదేవమ్మ. ఆ మూడు మాటల్లో ఎంత మంట ఉందో, మనోరమ మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు.

అంతటితో అయిపోలేదు. కంటోన్మెంటులో కాపురముండే కుటుంబాల పిల్లలకే బడి అన్నారు. తండ్రి సరిహద్దులో ఉన్నాడు గనుక కుటుంబానికి ఇక్కడ క్వార్టరు లేదు; కుటుంబం ఇక్కడ లేదు గనుక పిల్లకు బడి లేదు. తర్కశాస్త్రంలో దీన్ని అన్యోన్యాశ్రయ దోషమంటారు. ఆఫీసులో రూలంటారు. చివరికి మనోరమే, “దగ్గర్లో గది చూసుకో, రూలు సంగతి నేను చూసుకుంటాను,” అన్నది. మహాదేవమ్మ జహీరాబాద్ ఇల్లు ఖాళీ చేసి, బొల్లారంలో ఒక రేకుల గదిలో దిగింది. గంగమ్మ సణుగుతూనే వెంట వెళ్లింది.

వినికిడి కోసం పిల్ల ఛాతీకి చిన్న పెట్టె, చెవికి తీగ అమర్చినా చప్పుడు అందలేదు. తల్లి గొంతు మీద పిల్ల చేయి పెట్టించి పలుకు నేర్పే పద్ధతి అక్కడిది. నేను ఒకసారి వెళ్లి చూశాను. మన పూర్వులు కచటతపలను పరుషాలన్నారు, గజడదబలను సరళాలన్నారు. పెదవుల మీద ‘ప’, ‘బ’ ఒక్కలాగే కనిపిస్తాయి. గొంతులో నాదం ఉంటే బకారం, లేకుంటే పకారం. సంధి సూత్రాలలో నేను వల్లెవేయించిన ఆ భేదం కోసం ఒక తల్లి మెడమీద పసివేళ్లు తడుముకోవడం అక్కడే చూశాను. గిరిజకు పరుషాలు వచ్చాయి. సరళాలు రాలేదు. మూడేళ్లప్పుడు వచ్చి ఉంటే బహుశా అవీ వచ్చేవని మనోరమ నాతో నెమ్మదిగా అన్నది.

ఎనభైరెండులో మల్లికార్జున్ సెలవుకు వచ్చిన రోజు నేను ఆ గదిలోనే ఉన్నాను. గిరిజ తండ్రి ఎదుట నిలబడి, పెదవులు బిగించి, “పాపు,” అన్నది.

గంగమ్మ పకపకా నవ్వింది. “బాపును పట్టుకొని పాపు అంటది సూడు!”

“నవ్వకు అత్తమ్మా,” అన్నది మహాదేవమ్మ. “పెదువుల మీద రెండూ ఒక్కటే. బ గొంతుల పుడ్తది. ఆ గొంతు దానికి మూడేండ్లప్పుడు ఎవలన్న చూపిచ్చిన్రా?”

మల్లికార్జున్ మోకాళ్ల మీద కూర్చొని, కూతురి చేతిని తన గొంతుకు ఆనించుకొని, “బాపు,” అన్నాడు.

“పాపు.”

“బా... పు.”

“పాపు.”

మహాదేవమ్మ ఇక అక్కడ నిలబడలేకపోయింది. పొయ్యి దగ్గరికి పోయి, సర్దే వంకతో గిన్నెలన్నీ నేలకు మోదసాగింది. ఆ చప్పుడుకు మల్లికార్జున్ తల తిప్పాడు. గంగమ్మ తల తిప్పింది. గిరిజ మాత్రం తండ్రి పెదవులనే చూస్తూ, అతని గొంతు మీద ఇంకాస్త గట్టిగా చేయి అదిమింది.